ఆవిరి, నూనె, మసి

పసుపు ఉడికే చోట రెండు తెరలు లేస్తాయి. ఫిబ్రవరిలో తెల్లవారుజామున ఆర్మూరు నుంచి అంకాపూర్ దాకానో, ఇటు వేల్పూరు, మోర్తాడ్ వైపో వెళ్తే పొలాల్లో ఉడకబెట్టే డ్రమ్ములు కనిపిస్తాయి. పొయ్యిలోంచి లేచేది బూడిదరంగుగా ఉంటుంది. గాలివాటాన పడి రోడ్డు దాటి సాగుతుంది, కళ్ళు మండిస్తుంది. డ్రమ్ము మూత సందుల్లోంచి లేచేది పాలలాంటి తెలుపు. మనిషెత్తు పోయేసరికి ఎటు పోయిందో తెలియదు. మొదటిది పొగ, రెండోది ఆవిరి.

రైతు కన్ను రెండో దాని మీదే ఉంటుంది. నురగ పైకి తేలి, తెల్లటి ఆవిరి పసుపు వాసనతో గుప్పున కొట్టిందంటే కొమ్ము ఉడికినట్టు. అనుమానముంటే పుల్ల తీసుకుని గుచ్చి చూస్తాడు. లోపల ఏం జరుగుతోందో బయటికి వచ్చేదాని రంగును, వాసనను, వచ్చే వేళను బట్టి చెప్పడం ఈ నేలకు కొత్త విద్య కాదు. అదే విద్యను ఈ అధ్యాయంలో కారు సైలెన్సర్ వెనక్కి తీసుకెళ్దాం.

నన్ను ఈ పనికి దింపింది మా బావ కారు. గల్ఫ్‌లో పదేళ్ళు పనిచేసి వచ్చి ఆర్మూరులో స్థిరపడ్డాక కొనుక్కున్న పాత పెట్రోలు కారు అది. ఓసారి ఆదిలాబాద్ నుంచి పాత రోడ్డు మీద వస్తూ మహబూబ్ ఘాట్ దిగి, నిర్మల్ వైపు తిన్నని దారిలో ఎక్సలేటర్ తొక్కగానే వెనక నీలి మేఘం లేచింది. వెనక సీట్లో ఉన్న మా మేనల్లుడు చూసి అరిచాడు. ఇంటికొచ్చాక తలా ఒక మాట చెప్పారు. రింగులు పోయాయి, ఇంజన్ పని చేయించాల్సిందే అన్నారు ఒకరు. పొద్దున తెల్లపొగ చూసిన ఇంకొకరు హెడ్ ప్యాకింగ్ పోయిందన్నారు. పెట్రోలులో కల్తీ ఉందన్నది మూడో మాట. ముగ్గురూ కళ్ళారా చూసే చెప్పారు. కానీ ముగ్గురూ చూసింది ఒకే పొగను కాదు. ఒకరు ఘాట్ కింద చూసింది, ఒకరు తెల్లవారి చలిలో చూసింది, ఒకరు ఇంటి ముందు బండి రేస్ చేసినప్పుడు చూసింది.

పెర్కిట్ వైపు ఒక షెడ్డులో బండి పెట్టాం. మెకానిక్ బానెట్ ఎత్తలేదు. ముందు ఒక ప్రశ్న అడిగాడు.

"పొగ ఎప్పుడొస్తదో చెప్పన్నా. పొద్దున స్టార్ట్ జేస్తే వస్తదా, గేర్ల మీద దిగినంక వస్తదా, లోడు మీద వస్తదా? రంగు నేను జూస్త."

పొగ గురించి నేను విన్న మాటల్లో ఇంత శాస్త్రం ఉన్నది మరొకటి లేదు. రంగు చూస్తే కాలింది ఏమిటో తెలుస్తుంది. వేళ చూస్తే అది ఏ దారిన లోపలికి వచ్చిందో తెలుస్తుంది. ఈ రెండూ కలిస్తేనే రోగ నిర్ధారణ. రంగు ఒక్కటే చూసి ఇంజన్ విప్పడమంటే జ్వరం ఉందనగానే ఆపరేషన్ బల్ల ఎక్కించడమే.

*

ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ ఏం వదులుతుందో ముందు చూడాలి. పెట్రోలు అంటే కార్బన్, హైడ్రోజన్ కలిసిన అణువుల గుంపు. ఒక కిలో పెట్రోలు పూర్తిగా కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి. లీటరు లెక్కన చెప్తే ఒక లీటరు పెట్రోలుకు 9 వేల లీటర్లకు పైగా గాలి. పసుపు ఉడకబెట్టే చోట 200 లీటర్ల డ్రమ్ము చూసే ఉంటారు. అలాంటివి 45 డ్రమ్ముల గాలిని ఇంజన్ ఒక్క లీటరుకు మింగుతుంది. కార్బన్ వెళ్ళి కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. హైడ్రోజన్ వెళ్ళి నీరవుతుంది. ఆ నీరు ఎంతో వింటే చాలామంది నమ్మరు: ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుంది. ఆర్మూరు నుంచి నిజామాబాద్ మార్కెట్ యార్డుకు వెళ్ళి వచ్చే కారు దారిలో రెండు మూడు లీటర్ల నీళ్ళు గాలిలోకి వదిలి వస్తుంది.

ఆ నీళ్ళు మనకు కనిపించవు. నైట్రోజన్ కనిపించదు, కార్బన్ డయాక్సైడ్ కనిపించదు, వేడిగా ఉన్నంతసేపు నీటి ఆవిరీ కనిపించదు. అంటే, సవ్యంగా కాలిన ఇంధనంలోంచి వచ్చే ముఖ్యమైన వాయువులకు రంగే లేదు. మన కంటికి ఏదైనా కనిపించిందంటే అక్కడ వాయువు కానిదేదో ఉంది. సన్నటి బిందువులో, సన్నటి రేణువులో. కారు పొగలన్నీ చివరికి వీటిలోకే తేలతాయి: నీటి తుంపర, నూనె తుంపర లేదా కాలని ఇంధనం తుంపర, కార్బన్ నుసి.

సైలెన్సర్ వాయువు సుమారు 50 డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లబడితే అందులోని ఆవిరి బిందువులుగా మారుతుంది. తెల్లవారి చల్లటి గొట్టంలో జరిగేది ఇదే. గొట్టం చివర తెల్లటి తెర లేస్తుంది, కింద చుక్కలు పడతాయి. ఇంజన్, గొట్టం వేడెక్కాక అది దానంతటదే ఆగిపోతుంది. ఇది జబ్బు కాదు. పోపు మాడితే వచ్చే పొగకూ, ఇడ్లీ పాత్ర మూత తీస్తే వచ్చే ఆవిరికీ ఎంత తేడానో ఇక్కడా అంతే. ఏది ఏదో తేల్చడానికి ఒక తెల్ల కాగితం చాలు. గొట్టానికి జానెడు దూరంలో, చెయ్యి కాలకుండా, కాసేపు పట్టుకోవాలి. నీళ్ళయితే తడిసి ఆరిపోతుంది, మచ్చ ఉండదు. నూనె అయితే మిర్చి బజ్జీ కట్టిన కాగితంలా ఆ చోట కాగితం పారదర్శకమవుతుంది, ఎంతసేపైనా ఆరదు. మసి అయితే నల్లగా అంటుకుంటుంది, వేలితో రుద్దితే పొడిగా రాలుతుంది.

*

నూనె పొగ నీలంగా ఎందుకుంటుంది? నూనె నీలం కాదు, మంట నీలం వల్లా కాదు. దీనికి జవాబు బీడీలు చుట్టే ఈ నిజామాబాద్ జిల్లాలో ఇంటింటా ఉంది. వెలిగించిన బీడీని ఊరికే పట్టుకుంటే కొసనుంచి లేచే సన్నటి పొగ నీలిగా కనిపిస్తుంది. అదే బీడీ పీల్చి వదిలిన పొగ తెల్లగా ఉంటుంది. ఆకు అదే, పొగాకు అదే. మారింది రేణువుల సైజు. కొస పొగలోని రేణువులు అతి సన్నవి. నోట్లోకీ ఊపిరితిత్తుల్లోకీ వెళ్ళినవి అక్కడి తేమను పట్టుకుని ఉబ్బుతాయి.

కాంతి తరంగం కన్నా చిన్న రేణువు మీద వెలుగు పడితే నీలి కాంతి ఎక్కువగా చెదురుతుంది, ఎరుపు తక్కువగా చెదురుతుంది. తరంగం సగానికి తగ్గితే చెదరడం పదహారు రెట్లు పెరుగుతుంది. ఆ లెక్కన నీలం ఎరుపు కన్నా నాలుగు రెట్లకు పైగా చెదురుతుంది. 1860ల చివర్లో జాన్ టిండాల్ గాజు గొట్టంలో సన్నటి తుంపర తయారుచేసి ఈ నీలిరంగు చూపించాడు. 1871లో లార్డ్ రేలీ దానికి గణితం కట్టాడు. ఆకాశం నీలం కూడా ఆ గణితంలోదే. సముద్రపు నీలం ఆకాశపు నీడ మాత్రమే కాదని 1921లో నిరూపించిన సి.వి. రామన్ చిన్నతనం గడిచింది విశాఖపట్నంలో. నీలిరంగు మీద అంత పట్టుదల ఆ తీరంలోనే మొలకెత్తి ఉంటుందని నాకనిపిస్తుంది. ఇది నా ఊహ మాత్రమే.

బిందువులు పెద్దవైతే, అంటే కాంతి తరంగం కన్నా చాలా పెద్దవైతే, అన్ని రంగులూ సమానంగా చెదురుతాయి. కనుక తెలుపు. నీటి తుంపర తెల్లగా ఉండడానికి అదే కారణం. కాలని డీజిలు తుంపర తెల్లగా ఉండడానికీ అదే కారణం.

ఇందులోంచి షెడ్డుకు పనికొచ్చే సంగతి ఒకటుంది. నీలి పొగను వెలుగుకు ఎదురుగా చూస్తే నీలం కనిపించదు. నీలం పక్కలకు చెదిరిపోయి, తిన్నగా మన కంటికి చేరే వెలుగులో పసుపు, గోధుమ ఛాయ మిగులుతుంది. అదే పొగను నల్లటి నేపథ్యం ముందు, పక్కనుంచి ఎండ పడుతుండగా చూస్తే నీలం స్పష్టంగా తెలుస్తుంది. ఆర్మూరు వాళ్ళకు ఈ విషయంలో అదృష్టముంది. సిద్ధులగుట్ట నల్లరాళ్ళు వెనక ఉండేలా బండి నిలిపి చూస్తే చాలు. ఇంటి ముందు తెల్ల సున్నం గోడ దగ్గర చూసిన పొగా, గుట్ట దగ్గర చూసిన పొగా రెండు రంగుల్లో కనిపించాయని జనం వాదులాడుకుంటే ఇద్దరిదీ నిజమే కావచ్చు.

*

నూనె కాలుతోందని తెలిసింది. ఎటునుంచి వస్తోంది?

సిలిండర్ గోడ మీద నూనె పొర మైక్రాన్లలో ఉంటుంది. ఆ పొర లేకపోతే పిస్టన్ పట్టేస్తుంది, మరీ ఎక్కువైతే కాలిపోతుంది. పిస్టన్ రింగుల పని ఆ పొరను తగుమాత్రం ఉంచి మిగతాది గీకేయడం. ఎంత సున్నితమైన పనో ఒక లెక్క వేద్దాం. గంటకు 60 కి.మీ. వేగంలో నిమిషానికి 2,000 సార్లు తిరిగే నాలుగు సిలిండర్ల ఇంజన్ 1,000 కి.మీ. నడిచేసరికి మొత్తం 40 లక్షల సార్లు మండుతుంది. ఆ దూరంలో అర లీటరు ఆయిల్ తగ్గిందనుకోండి. ఒక్కో మంటకు పోయింది చుక్కలో 400వ వంతు. అంత కొంచెం చాలు వెనక నీలి తెర కట్టడానికి.

రింగులు అరిగినా, నూనె గీకే రింగు గాడిలో మసి గట్టిపడి ఇరుక్కుపోయినా పొగ లోడు మీద వస్తుంది. ఎత్తు ఎక్కుతున్నంతసేపూ వస్తూనే ఉంటుంది. మంట ఒత్తిడి రింగులు దాటి కిందికి దిగుతుంది కాబట్టి ఆయిల్ పోసే మూత తీస్తే లోపల్నుంచి గుప్పుగుప్పుమని గాలి తంతుంది. పికప్ కూడా పడిపోతుంది.

వాల్వ్ సీళ్ళ కథ వేరు. సిలిండర్ హెడ్ పైభాగంలో ఎప్పుడూ నూనె తిరుగుతుంటుంది. వాల్వ్ కాడ ఒక గైడు గుండా కిందికి దిగుతుంది. కాడ చుట్టూ రబ్బరు సీలు, బొట్టంత వస్తువు, నూనెను ఆపుతుంది. ఏళ్ళ తరబడి వేడికి అది గట్టిపడుతుంది. రాత్రంతా బండి నిలబడితే పైనున్న నూనె గైడు సందులోంచి కొద్దికొద్దిగా దిగి వాల్వ్ మీద కూర్చుంటుంది. పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్కసారి నీలి పొగ భగ్గుమని, పది ఇరవై సెకన్లలో ఆగిపోతుంది. ఇక ఘాట్ దిగేటప్పుడు? గేర్లో ఉంచి ఎక్సలేటర్ వదిలేస్తాం. గాలి వచ్చే దారి మూసుకుపోయి ఉంటుంది, చక్రాలు మాత్రం పిస్టన్లను లాగుతూనే ఉంటాయి. కొస మూసిన స్ట్రా పీల్చినట్టు లోపల గట్టి శూన్యం ఏర్పడి, ఆ శూన్యం వాల్వ్ కాడ వెంట నూనెను లాగుతుంది. కిలోమీటర్ల తరబడి అలా చేరిన నూనె, కింద మళ్ళీ ఎక్సలేటర్ తొక్కిన క్షణాన ఒకేసారి కాలుతుంది. మహబూబ్ ఘాట్ అడుగున మా మేనల్లుడు చూసిన మేఘం ఇదే.

నూనె ఆవిరిని వెనక్కి ఇంజన్‌లోకి పంపే ఒక చిన్న వాల్వ్ ఉంటుంది. అది ఇరుక్కుపోయినా ఇవే లక్షణాలు. దాని ఖరీదు తక్కువ, చూడడం తేలిక, అందుకే ముందు దాన్ని చూడాలి. టర్బో ఉన్న డీజిలు బండ్లలో టర్బో ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది, అక్కడి సీలు పోతే నూనె తిన్నగా గాలి గొట్టంలోకి వస్తుంది. ఈ చివరిదాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. డీజిలు ఇంజన్ తన నూనెనే ఇంధనంగా తాగడం మొదలుపెడితే తాళం తిప్పినా ఆగదు, వేగం పెరుగుతూనే పోతుంది.

నీలి పొగ కనిపించగానే చిక్కటి ఆయిల్ పోయించడం మన దగ్గర అలవాటు. కొన్నాళ్ళు పొగ తగ్గుతుంది. జబ్బు అలాగే ఉంటుంది. ఇంజన్ ఆయిల్లో అరుగుదల తగ్గించడానికి కలిపే ఫాస్ఫరస్, జింకు కాలి వెళ్ళి సైలెన్సర్ లైన్‌లోని కెటలిటిక్ కన్వర్టర్ మీద పేరుకుంటాయి, అది పనిచేయడం మానేస్తుంది. సెకండ్‌హ్యాండ్ బండి చూడ్డానికి వెళ్ళేవాళ్ళకు ఒక మాట: పొద్దున్నే వెళ్ళండి, ముందు బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరొచ్చేలోపే ఎవరో స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. మర్నాడు మళ్ళీ వెళ్ళండి.

*

ఇంజన్ పూర్తిగా వేడెక్కాక కూడా ఆగని తెల్లపొగ వేరే కథ. కూలెంట్ సిలిండర్లోకి దిగుతోందన్నమాట. సిలిండర్ హెడ్‌కూ బ్లాకుకూ మధ్య ఉండే పలుచటి ప్యాకింగ్ ఒక పక్క మంటను, ఒక పక్క నీళ్ళను, ఒక పక్క నూనెను విడివిడిగా ఉంచుతుంది. ఇంజన్ ఒక్కసారి బాగా వేడెక్కితే హెడ్ వంగుతుంది, ప్యాకింగ్ కాలుతుంది. బోరు నీళ్ళు పోసీ పోసీ రేడియేటర్ లోపల పొలుసు కట్టించిన బండ్లు ఇలా బలవుతాయి. కఠిన జలంలోని సున్నం గొట్టాల్లో పేరుకుంటే వేడి బయటికి పోదు.

ఈ పొగ దట్టంగా ఉంటుంది, గాలిలో వేలాడుతుంది, కూలెంట్‌లోని గ్లైకాల్ వల్ల తియ్యటి వాసన వేస్తుంది. గ్లైకాల్ విషం, వాసన తెలిస్తే చాలు, దగ్గరికెళ్ళి పీల్చవద్దు, వేలితో నాలుకకు అస్సలు తగిలించవద్దు. రేడియేటర్‌లో నీళ్ళు తగ్గుతుంటాయి, కింద ఎక్కడా కారిన మరక ఉండదు. ఆయిల్ గేజీ లాగి చూస్తే ఆయిల్ మజ్జిగ కలిపినట్టు ఉండొచ్చు. ప్లగ్గులు విప్పితే నీళ్ళు దిగుతున్న సిలిండర్‌లో పిస్టన్ తల మిగతా మూడింటి కన్నా తళతళలాడుతుంది, ఆవిరి రోజూ తోమి పెడుతోంది కాబట్టి.

తేల్చి చెప్పే పరీక్ష మరొకటి ఉంది, నాకు చాలా ఇష్టమైనది. రేడియేటర్ నోటి మీద ఒక గాజు గొట్టం నిలిపి, అందులో నీలి ద్రవం పోసి, రేడియేటర్‌లోంచి వచ్చే గాలిని దాని గుండా బుడగలుగా పంపుతారు. మంట వాయువు నీళ్ళలోకి చొరబడుతుంటే అందులోని కార్బన్ డయాక్సైడ్ ద్రవాన్ని ఆమ్లంగా మారుస్తుంది. బ్రోమోథైమాల్ బ్లూ అనే ఆ రంగు నీలం నుంచి ఆకుపచ్చకు, ఆకుపచ్చనుంచి పసుపుకు మారుతుంది. పసుపు పండించే ఊళ్ళో దీన్ని కొత్తగా చెప్పక్కర్లేదు. పసుపు నీళ్ళలో సున్నం కలిపి దిష్టి తీసేటప్పుడు నీళ్ళు ఎర్రబడడం ప్రతి ఇంట్లో చూసినదే. కుంకుమ తయారీ కూడా అదే. పసుపులోని కర్‌క్యుమిన్ క్షారం తగిలితే ఎర్రబడుతుంది, షెడ్డులోని నీలి ద్రవం ఆమ్లం తగిలితే పసుపవుతుంది. ఒకటి క్షారాన్ని చెప్తుంది, ఒకటి ఆమ్లాన్ని చెప్తుంది. రెండిటి రసాయన శాస్త్రం ఒకే కుదురు.

వేడి మీదున్న రేడియేటర్ మూత మాత్రం ఎవరూ తీయవద్దు. లోపలి నీళ్ళు ఒత్తిడి వల్ల 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి, మూత వదులైన క్షణాన మరిగి ముఖం మీదికి లేస్తాయి. చల్లారేదాకా ఆగాలి.

డీజిలు బండి చలిలో తెల్లగా వదిలి, ఆ పొగ కళ్ళు మండిస్తూ డీజిలు వాసన వేస్తే అది నీరు కాదు, కాలని ఇంధనం. డీజిలు ఇంజన్‌లో నిప్పురవ్వ ఉండదు. నొక్కిన గాలి వేడికే ఇంధనం అంటుకోవాలి. గ్లో ప్లగ్గు పనిచేయకపోయినా, కంప్రెషన్ తగ్గినా, నాజిల్ సన్నగా చిమ్మక చుక్కలు కార్చినా ఆ వేడి చాలదు.

*

నల్లపొగకు మన ఇళ్ళలో పాత పేరుంది: కాటుక. ఆముదం దీపం మీద పళ్ళెం బోర్లిస్తే మంటకు గాలి అందదు, కార్బన్ పూర్తిగా కాలకముందే చల్లటి పళ్ళేనికి అంటుకుంటుంది. దీపం మంట పసుపుపచ్చగా వెలగడానికి కారణం కూడా ఆ కార్బన్ నుసే, వేడికి మెరుస్తూ. మైకేల్ ఫారడే లండన్‌లో పిల్లలకు కొవ్వొత్తి గురించి ఇచ్చిన ఉపన్యాసాల్లో ఈ సంగతినే విప్పి చెప్పాడు. ఇంజన్‌లో కాటుక పడుతోందంటే ఇంధనానికి సరిపడా గాలి అందడం లేదు, లేదా గాలికి మించి ఇంధనం పోతోంది.

ఈ ప్రాంతంలో నేనైతే ముందు గాలినే అనుమానిస్తాను. పసుపు పాలిష్ పట్టే డ్రమ్ముల దగ్గర లేచే దుమ్ము, ఎర్రజొన్న నూర్పిడి నూగు, కల్లాల మట్టి, ఇవన్నీ జనవరి నుంచి ఏప్రిల్ దాకా గాలిలోనే ఉంటాయి. 1.2 లీటర్ల ఇంజన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతూ పూర్తిగా గాలి పీలిస్తే నిమిషానికి 1,800 లీటర్లు, అంటే తొమ్మిది డ్రమ్ములు. అంత గాలి ఒక కాగితపు ఫిల్టరు గుండా పోవాలి. ఊరి బండికి కంపెనీ పుస్తకంలో రాసిన కిలోమీటర్లదాకా ఆగకుండా పసుపు సీజన్ అయిపోగానే ఫిల్టర్ విప్పి ఎండకు పట్టి చూడడం మంచిది. వెలుగు అవతలికి రాకపోతే మార్చాలి.

పెట్రోలు కార్లలో గాలిని కొలిచే సెన్సార్, ఆక్సిజన్ సెన్సార్, ఇంజన్ వేడిని చెప్పే సెన్సార్ తప్పు చెప్పినా పెట్రోలు ఎక్కువ పోతుంది. డీజిల్లో నాజిళ్ళు, పగిలిన టర్బో గొట్టం, పొగలో కొంత వెనక్కి ఇంజన్‌లోకి పంపే ఇ.జి.ఆర్. వాల్వ్ ఇరుక్కుందేమో చూడాలి. మోయలేని బరువు వేసినా ఇంతే. పికప్ పెరగడానికి డీజిలు పంపు పెంచి నల్లపొగ తెప్పించుకునే వాళ్ళను చూస్తే బాధేస్తుంది. ఆ నలుపంతా కాలకుండా పోయిన డీజిలు, బంకులో డబ్బిచ్చి కొన్నది.

పొగ నలుపును కొలవాలని మొదట గట్టిగా పూనుకున్నవాళ్ళలో ఒకరు వ్యవసాయ ఇంజనీరు. మాక్సిమిలియన్ రింగెల్‌మన్ అనే ఫ్రెంచి ఆచార్యుడు 1888లో తెల్ల కార్డుల మీద నల్లగీతల గళ్ళు గీసి, దూరంనుంచి చూస్తే అవి బూడిదరంగుగా కలిసిపోయేలా చేసి, 0 నుంచి 5 దాకా అంకెలిచ్చాడు. పొగ గొట్టం పక్కన కార్డు పెట్టి ఏ అంకెకు సరిపోతుందో చూడడమే. ఇప్పుడు పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చేచోట డీజిలు పొగ గుండా కాంతి పంపి ఎంత అడ్డుపడిందో యంత్రం చెప్తుంది. భారత్ స్టేజ్ కాలుష్య ప్రమాణాల్లో బి.ఎస్.-4 కన్నా పాత డీజిలు బండికి 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు, బి.ఎస్.-4 బండికి 50 హద్దు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బి.ఎస్.-6 వచ్చాక కొత్త డీజిలు కార్లలో నుసిని పట్టే ఫిల్టర్ సైలెన్సర్ లైన్‌లోనే ఉంటుంది. అలాంటి బండి నల్లగా వదుల్తోందంటే ఆ ఫిల్టర్ పగిలింది, లేదా ఎవరో పీకేశారు. పట్టిన నుసిని ఆ ఫిల్టర్ 600 డిగ్రీల దగ్గర తానే కాల్చుకుంటుంది, కనుక ఎండిన పసుపాకు మీదా జొన్న చొప్ప మీదా బండి ఆపకూడదు.

2012 జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ డీజిలు పొగను మనుషుల్లో క్యాన్సర్ తెప్పించే మొదటి వర్గంలో చేర్చింది. షెడ్డుల్లో సైలెన్సర్ వెనక గొంతుక్కూర్చుని పొగ చూసే పిల్లల వయసు గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఈ వాక్యం గుర్తొస్తుంది. ఇంకో మాట. ఇన్ని రంగులు చెప్పుకున్నాం, అన్నిటికన్నా త్వరగా ప్రాణం తీసేదానికి రంగు లేదు, వాసన లేదు. కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. చలికాలం పొద్దున షట్టర్ దించి బండి స్టార్ట్ చేయవద్దు. పొగ పరీక్ష ఎప్పుడూ ఆరుబయటే.

*

బావ కారు దగ్గరికి వద్దాం. మెకానిక్ ప్రశ్నకు మేం చెప్పిన జవాబులు ఇవి: పొద్దున ఒక్కసారి నీలంగా వచ్చి ఆగుతుంది. ఘాట్ దిగాక వస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు రాదు. రేడియేటర్ నీళ్ళు తగ్గలేదు. అతను ఆయిల్ మూత తీసి అరచెయ్యి అడ్డం పెట్టాడు, గాలి తన్నలేదు. నూనె ఆవిరి వాల్వ్ ఊపి చూశాడు, టకటకమంది, అంటే ఇరుక్కోలేదు. ప్లగ్గులు విప్పి ఒక్కో సిలిండర్ కంప్రెషన్ కొలిచాడు. నాలుగూ దగ్గరదగ్గరగా ఉన్నాయి. తర్వాత ఒక్కోదాంట్లో చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ కొలిచాడు. రింగులు అరిగి ఉంటే ఆ నూనె సందులు పూడ్చి అంకె బాగా పెరగాలి. ఇంచుమించు అక్కడే ఉంది.

"రింగులు మంచిగనే ఉన్నయన్నా. సీల్లు ఎండిపోయినయి."

హెడ్ విప్పకుండానే పని చేశాడు. వాల్వ్ స్ప్రింగు తీస్తే వాల్వ్ సిలిండర్లో పడిపోతుంది. పడకుండా ప్లగ్గు రంధ్రంలోంచి నైలాన్ తాడు మూరలకొద్దీ లోపలికి దూర్చి, పిస్టన్‌ను పైకి తిప్పాడు. తాడు మెత్తగా ఉండచుట్టుకుని వాల్వ్‌ను కిందనుంచి ఎత్తి పట్టింది. స్ప్రింగు తీసి, పాత సీలు పీకి, కొత్తది కూర్చోబెట్టాడు. సిలిండర్ తర్వాత సిలిండర్ అలా చేశాడు. సాయంత్రానికి పని అయిపోయింది. పాత సీళ్ళు అరచేతిలో పోసి చూపించాడు. చింతగింజల్లా గట్టిగా ఉన్నాయి, వేళ్ళతో నొక్కితే ఒకటి రెండుగా విరిగింది.

మర్నాడు తెల్లారి అయిదున్నరకు బావ నన్ను లేపాడు. వాకిట్లో బండి స్టార్ట్ చేసి ఉంది. గొట్టం చివర తెల్లగా ఆడుతోంది.

"ఇంకా వస్తనే ఉంది గదా పొగ!"

"చెయ్యి పెట్టి జూడు బావా."

జానెడు దూరంలో అరచెయ్యి పట్టాడు. తడి అయింది. వేళ్ళు రుద్దుకున్నాడు, జిడ్డు లేదు. వాసన చూసుకున్నాడు, ఏమీ లేదు. కింద దుమ్ములో చుక్కలు పడి చిన్న తడి మరక అయింది. మేమిద్దరం టీ తాగి వచ్చేసరికి తెలుపు ఆగిపోయింది, మరక అంచులు ఆరుతున్నాయి.